వాకిట్లో అపెలు తాత

‘దగ్గర్లోని శ్మశానానికి వెళ్లి వంద సమాధులు చూడండి’ అని రాసిపెట్టాడు మా కాలేజీ ల్యాబ్ పుస్తకం రాసిన మహానుభావుడు. మా సమోవా పల్లెల్లో శ్మశానమెక్కడిది? పోయినవాళ్లంతా ఇళ్ల ముందే పడుకుంటారు. అందుకని జనాభా భూగోళం ల్యాబ్ కోసం నేనూ, నాకు జంటగా వేసిన టెలెసియా కలిసి, ఆమె వాళ్ల ఊళ్లో ఇంటింటికీ తిరుగుతున్నాం. పుట్టిన ఏడు, పోయిన ఏడు రాసుకుంటే ఏ తరం ఎన్నాళ్లు బతికిందో తేలుతుంది.

నాకు తేలాల్సింది వేరే ఉంది. సాయంత్రం పడవెక్కేలోగా ఈ పిల్లకు నా మనసులో మాట చెప్పేయాలి.

“లఫాయెలే, నీ చూపు రాయి మీదుందా, నా మీదుందా?”

“రాయి మీదే.”

“మరి ‘స్త్రీ’ అని రాశావేం? అక్కడ పడుకున్నది మా పాస్టరు గారు!”

చివరికి టెలెసియా వాళ్లింటికే చేరాం. సమాధి మీద ఆరేసిన దుప్పటి తీసి చదివాను. ‘అపెలు ఫోనోటి, 1931–1958.’ ఫోనోటి మా ఇంటిపేరు. అపెలు మా తాతకు అన్న. ఎక్కడో పరాయి ఊళ్లో పోయాడని ఇంట్లో అనుకునేవాళ్లు.

వాకిట్లో పడుకున్నాడంటే ఆ ఇంటివాడే. ఎన్ని తరాల దూరమైనా సరే, చుట్టరికం ఉంటే మాలో పెళ్లి లేదు.

“మొహం అలా మాడిపోయిందేం?”

రాయి చూపించాను.

“మేమంతా అపెలు తాత అనే అంటాం. ఇంటిపేరు ఎవరు చదివారు!” అంది. ఆ తర్వాత ఆమె మొహమూ మాడింది. నిజం చెప్పొద్దూ, అది చూసి అంత ఏడుపులోనూ నాకు సంతోషమేసింది.

చాప మీద కూర్చుని విసురుకుంటున్న వాళ్ల మామ్మ అన్నీ వింటూనే ఉంది.

“ఆయన మా చుట్టం కాదురా అబ్బాయ్. చర్చి కట్టడానికొచ్చిన వడ్రంగి. మా అక్కకు ఆయనంటే ప్రాణం, ఆయనకూ అంతే. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇద్దరూ నోరు విప్పలేదు. ఈలోగా జ్వరమొచ్చి పోయాడు. అప్పుడు విప్పింది అక్క నోరు. మా నాన్న కాళ్లు పట్టుకుని, మన వాకిట్లోనే పెట్టమంది. ఆ పక్కది అక్కదే.”

పక్క రాయి మీద 1935–2003 అని ఉంది. ఆయన పోయాక నలభై ఐదేళ్లు. పెన్సిలు కింద పెట్టేశాను.

“టెలెసియా, నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా?”

ఆమె తలొంచుకుని కాగితాలు సర్దుతోంది.

“ఏమే, నువ్వూ రేపు చెబుతావా?” అంది మామ్మ.

“లేదు మామ్మా. నాకూ ఇష్టమే.”

“అయితే అబ్బాయ్, ఆదివారం చర్చి అయ్యాక మీ అమ్మానాన్నల్ని భోజనానికి తీసుకురా.”