పద్నాలుగు తారీఖు దాంక రాను

సాయవ్వ కోడి కూయకముందే లేచి కోడికూర వండింది. మామూలు రోజుల్లో ఆ వేళకు పొయ్యి మీద చాయ్ తప్ప ఇంకేమీ ఉండదు. కానీ ఇవాళ కొడుకు ఇంటికొస్తున్నాడు. మూడు నెలలుగా నిజామాబాద్ బాలల గృహంలో ఉన్న ప్రశాంత్‌ను తల్లిదండ్రులతో పంపడానికి పిల్లల కేసులు చూసే బోర్డు ఒప్పుకుంది. ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలన్నారు.

ఆ ఇద్దరిలో ఒకాయన గడప మీద నుంచి కదలడం లేదు.

"అంగీ తొడుగుతవా, గిట్లనే కూసుంటవా?" అని కసిరింది సాయవ్వ.

"నువ్వు పోయి పెట్టు. నాకు చెరుకు కాడ పనున్నది," అన్నాడు రాజలింగు.

"వాణ్ని నేనొక్కదాన్నే కన్ననా? లే!"

రాజలింగు లేచాడు గానీ మొహం మాత్రం మాడిపోయే ఉంది. ఆయన కోపానికి కారణం లేకపోలేదు. పక్క పొలం భూమన్న ఆయనకు చిన్ననాటి దోస్తు. ఆ భూమన్న బోరు మోటారు కేబులు కోసి, రాగి తీగ అమ్ముకున్న ముగ్గురిలో ప్రశాంత్ ఒకడు. నీళ్లు లేక భూమన్న వేసిన వరి నాటు కళ్లముందే ఎండిపోయింది. ఆనాటి నుంచి రాజలింగు కొడుకు పేరెత్తలేదు. సాయవ్వ భూమన్న ఇంటి ముందు నుంచి నడవడం మానేసి వెనక గల్లీ పట్టింది.

రుద్రూర్ దాటి, బోధన్‌లో బస్సు మారి, నిజామాబాద్ చేరేసరికి పది దాటింది. ఈ మూడు నెలల్లో సాయవ్వ ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఒక కాగితం పట్టుకుపోతే ఇంకో కాగితం తెమ్మన్నారు. అది తెస్తే పెద్ద సారు సెలవన్నారు. అన్నీ ఓర్చుకుంది. పిల్లాణ్ని చీకటిపడ్డాక ఊళ్లోకి తేవాలనీ, రెండు రోజులుంచుకుని కమ్మర్‌పల్లిలో తమ్ముడి ఇంటికి పంపేయాలనీ కూడా అనుకుని పెట్టుకుంది.

తీరా అక్కడికి పోతే పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఎదురొచ్చి, "మీవాడు సంచి సదురుకుంటలేడమ్మా," అంది.

ప్రశాంత్ ఉత్త చేతులతోనే వచ్చాడు. వేళ్లకు గుడ్డ పట్టీలు కట్టి ఉన్నాయి.

"అవ్వా, నేను ఇప్పుడు రాను. పద్నాలుగు తారీఖు దాంక ఈన్నే ఉంట."

"ఏందిరా అనేది?"

"బాలల దినోత్సవం నాడు మా పాటల ప్రోగ్రాం ఉన్నది. డోలక్ నేనే కొట్టాలె. నేను పోతే అందరి తాళం తప్పుతది."

సాయవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెండూ కాక అరిచింది.

"నీ డోలక్ మన్నువడ! కాళ్లరిగేటట్టు తిరిగితిని గదరా! మొక్కని దేవుడు లేడు, పట్టుకోని కాలు లేదు! ఇప్పుడు రానంటవా? ఇంట్ల కోడికూర సల్లారిపోతున్నదిరా!"

"ఇంటి కన్న గిదే తీపైనట్టున్నది. ఉండనియ్యి, పా," అన్నాడు రాజలింగు గోడ వైపు చూస్తూ.

గొడవ విని లోపలి నుంచి ఒకామె వచ్చింది. వారానికి మూడు రోజులు అక్కడి పిల్లలకు సంగీతం నేర్పే సుమలత. "కోపం చేయకుండ్రి అమ్మా. నేను గూడ ఇంటికి పొమ్మనే చెప్పిన," అంది.

"అంత నీ వల్లనే మేడం!" సాయవ్వ ఆమె మీదికి తిరిగింది. "ఈడ భయపెట్టి బుద్ధి చెప్తరనుకుంటే డోలక్ చేతికిస్తిరి! తప్పు చేసినోనికి పాటలెందుకు?"

సుమలత జవాబు చెప్పేలోపే ప్రశాంత్ అందుకున్నాడు.

"అవ్వా, మొదట్ల నాకు ఒక్క దెబ్బ సక్కగ రాకపోయేది. అందరి పాట ఖరాబు చేసేటోణ్ని. ఎల్లగొడ్తరనుకున్న. ఈ అక్క తిట్టలే. మళ్ల కొట్టు అన్నది. ఎన్నిసార్లు తప్పినా గదే మాట, మళ్ల కొట్టు. ఊర్ల నాకు మళ్ల అన్నదే లేదు. దొంగోడు అన్నరు, అయిపాయె. బాపు నా దిక్కు సూడనే సూడడు. ఇప్పుడు గూడ గోడనే సూస్తున్నడు."

సాయవ్వ కొడుకును ఇంటికి తెచ్చుకోవడానికే తిరిగాననుకుంది. కానీ తాను చేసిన ఏర్పాటేమిటి? చీకట్లో తేవడం, కమ్మర్‌పల్లిలో దాచడం. మరి ఇల్లెక్కడ ఉంది వాడికి? ఆ మాట తట్టగానే ఆమెకు తన మీద తనకే చీదరేసింది. కొడుకు పట్టీల వేళ్లు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంటికాన్నించి వచ్చి కొట్టొచ్చా మేడం?"

"పెద్ద సారును అడిగి చెప్త," అంటూ లోపలికి వెళ్లిన సుమలత కాసేపటికి తిరిగొచ్చింది. "సరేనన్నరు. కాని పెద్దవాళ్లు ఎవరన్న తోలుకొచ్చి, మళ్ల తోలుకపోవాలె."

"నేను తోలుకొస్త."

"నువ్వా?" రాజలింగు మొదటిసారి గోడను వదిలి ఇటు తిరిగాడు. "మొన్న బోధన్‌ల తప్పు బస్సెక్కి బాన్సువాడల దిగితివి. నువ్వు తోలుకొస్తే వాడు పద్నాలుగు నాటికి గూడ అందడు. నేనే తెస్త."

ప్రశాంత్ ఉరికి సంచి తెచ్చుకున్నాడు.

ఊళ్లో బస్సు దిగేసరికి ఇంకా ఎండ ఉంది. సాయవ్వ కాళ్లు అలవాటుగా వెనక గల్లీ వైపు తిరిగాయి. రాజలింగు మాత్రం తిన్నగా పెద్ద దారినే నడిచాడు. భూమన్న ఇంటి ముందుకు వచ్చి ఆగాడు. తల్లీకొడుకులు బిత్తరపోయి ఆయన వెనకే నిలబడ్డారు.

వాకిట్లో మందు కొట్టే పంపు కడుగుతున్న భూమన్న తలెత్తి చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"పెద్దబాపూ..." ప్రశాంత్ నేల చూస్తూ అన్నాడు. "గా ఇద్దరు రమ్మంటే... నేను ఊకెనే ఎంబడి..."

భూమన్న మొహం గట్టిపడింది. పంపు వైపు తిరిగి మళ్లీ నీళ్లు పోయసాగాడు. ప్రశాంత్ తల వంచుకుని వెనక్కి మళ్లబోయాడు.

రాజలింగు కొడుకు వీపు మీద చెయ్యి వేసి ఆపాడు.

"గట్ల గాదు," అన్నాడు మెల్లగా. "మళ్ల జెప్పు, బిడ్డా."

మూడు నెలల తర్వాత కొడుకుతో ఆయన ఆడిన మొదటి మాట అది. ప్రశాంత్ తండ్రి మొహంలోకి చూశాడు. తర్వాత భూమన్న వైపు తిరిగాడు.

"కేబులు నేనే కోసిన, పెద్దబాపూ. నీ పొలం ఎండుతదని తెలిసే కోసిన. తప్పయింది."

భూమన్న చేతిలోని చెంబు పక్కన పెట్టాడు. అరుగు చూపించి, "కూసోండ్రి," అన్నాడు.

నలుగురూ చూసే ఆ నడివీధిలోనే సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.