తాతయ్య మోకాలి నొప్పి

"ఇంకెంతసేపే? నా ముక్కు ఉందో ఊడిందో ఒకసారి చూసి చెప్పు," అన్నాడు తాతయ్య.

"ఉంది తాతయ్యా, ఎర్రగా ఉంది. మన ముందు ఇంకా నలుగురే," అంది చినామి.

నగోయాలో జనవరి గాలి మామూలు గాలి కాదు. ఇబుకి కొండ మీది మంచును తాకి వచ్చి, మఫ్లరు ఎంత బిగించి కట్టినా మెడలోకి దూరుతుంది. ఆ గాలిలో హత్తొరి తాతయ్య, పదేళ్ల మనవరాలు చినామి ఒక కొత్త కెఫే బయట నలభై నిమిషాలుగా నిలబడి ఉన్నారు.

చినామి చేతిలో ఒక కార్డు ఉంది. చలికాలం సెలవుల్లో ఊళ్లోని పది కొత్త కెఫేలు తిరిగి పది స్టాంపులు వేయించుకుంటే, కోడిపిల్ల బొమ్మ ఉన్న గుడ్డసంచి ఇస్తారు. వాళ్ల క్లాసులో రిరికకి అప్పుడే వచ్చేసింది. చినామి కార్డు మీద ఆరు స్టాంపులే ఉన్నాయి.

ఎట్టకేలకు లోపలికి వెళ్లారు. కాఫీ వచ్చింది. నురగ మీద ఆకు బొమ్మ. పళ్లెంలో టోస్టు, టోస్టు మీద గుడ్డు, గుడ్డు మీద ఏవో పచ్చటి మొలకలు.

"దీన్ని తినాలా, నీళ్లు పోసి పెంచాలా?" అన్నాడు తాతయ్య.

చినామి పకపకా నవ్వింది. ఫొటో తీసింది. ఏడో స్టాంపు వేయించుకుంది.

"ఇక రేపు మన త్సుగుమికి పోదామే. అక్కడ ముఖం చూపించి రెండు వారాలైంది. కుజుయా గారు ఏమనుకుంటారో ఏమో."

"ఇంకా మూడే తాతయ్యా! ప్లీజ్!"

త్సుగుమి వాళ్ల వీధి చివర ఉన్న పాత కాఫీ షాపు. ఇరవై రెండేళ్లుగా తాతయ్య రోజూ పొద్దున్న ఏడింటికి అక్కడే కాఫీ తాగేవాడు. చలి కాచుకునే స్టవ్ పక్క కుర్చీ ఆయనది. అయితే డాక్టరు రోజుకి ఒక్క కాఫీయే తాగమన్నాడు. అందుకని కొత్త కెఫేకి వెళ్లిన రోజు త్సుగుమికి వెళ్లడం లేనట్టే. మధ్యలో కొత్త సంవత్సరానికి త్సుగుమి కూడా కొన్ని రోజులు మూసి ఉంది.

అన్నట్టు, చినామి తాతయ్యకి చెప్పని సంగతి ఒకటుంది.

సెలవులు మొదలైన మూడో రోజు కూరగాయల కొట్టు దగ్గర కుజుయా మామ్మ కనబడింది. త్సుగుమి ఆవిడదే. డెబ్బై దాటినా ఒక్కతే నడుపుతుంది.

"తాతయ్య రావట్లేదేమ్మా? ఒంట్లో బాగానే ఉందా?"

చినామి నీళ్లు నమిలింది. వేరే షాపులకి వెళ్తున్నామని ముఖం మీదే ఎలా చెప్పడం? ఆ వీధిలో ఎవరూ అలా చెప్పరు. కూర బాగాలేకపోతే కడుపు నిండిపోయిందంటారు. వాళ్లమ్మా అంతే, టీచరూ అంతే. ఎదుటివాళ్లని నొప్పించకుండా చిన్న అబద్ధమాడితే అక్కడ అది మర్యాద కిందే లెక్క.

"మోకాలు నొప్పి," అంది చినామి.

"అయ్యయ్యో! నడవగలుగుతున్నారా?"

"కొంచెం కొంచెం..."

ఆ చిన్న అబద్ధానికి కాళ్లొచ్చాయి. మర్నాడు ఇనగాకి గారు వీధిలో ఆపారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, త్సుగుమిలో తాతయ్య పక్క కుర్చీ ఆయనది. మోకాలికి అంటించే పట్టీల పెట్టె ఒకటి చినామి చేతిలో పెట్టారు.

"పడుకునే ముందు వేసుకోమను. ఆ ముసలాయన లేకపోతే నా సోది వినేవాడే లేడక్కడ!"

చినామి ఆ పెట్టెని తన బల్ల సొరుగులో రంగు పెన్సిళ్ల కింద దాచింది. నిజం చెప్పేద్దామా అని రెండుసార్లు అనుకుంది. ముందు సంచి రానీ అని రెండుసార్లూ ఊరుకుంది.

ఏడో స్టాంపు వేయించుకుని ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు కుజుయా మామ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో గుడ్డలో కట్టిన డబ్బా. అది త్సుగుమిలో జనం ఉండే వేళ. ఆవిడ షాపు మూసి మరీ వచ్చింది.

తాతయ్య చకచకా మెట్లెక్కి వచ్చాడు. ఆయన చేతిలో కొత్త కెఫే పేరున్న బిస్కెట్ల సంచి ఊగుతోంది.

"మీ మోకాలు..." అంది కుజుయా మామ్మ.

"ఏ మోకాలు?" అన్నాడు తాతయ్య.

ఆవిడ చినామి వంక చూసింది. చినామి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తాతయ్య కూడా చూశాడు. ఆయనకి అర్థమైపోయింది.

"ఓ, అదా... నేనే అలా చెప్పమన్నానండీ. పిల్లదాంతో నాలుగు కొత్త షాపులు తిరుగుదామనిపించింది. మీతో చెప్పడానికి మొహమాటమేసి..." అని తల వంచాడు.

అప్పుడు చినామి ఒక్క మాట అనాల్సింది. అనలేదు. ఆ పిల్ల మీద నాకు కోపమొచ్చేది ఇక్కడే.

"బాగున్నారు కదా. అదే చాలు," అంది కుజుయా మామ్మ. ఫ్లాస్కు, డబ్బా తాతయ్య చేతికిచ్చి, నడుము వంచి నమస్కారం చేసి వెళ్లిపోయింది. మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. ఆవిడ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. ఆవిడకీ మోకాళ్లున్నాయని చినామికి అప్పుడు తట్టింది.

"నీ మీదెందుకు వేసుకున్నావు తాతయ్యా?" అంది లోపలికి వచ్చాక.

"మరేం చెయ్యమంటావు? నా మనవరాలు అబద్ధాలకోరండీ అని చెప్పనా?"

ఆయన గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. డాక్టరు మాట పక్కనపెట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తాగాడు. "ఇంకా వేడిగానే ఉంది," అన్నాడు.

ఆ తర్వాత తాతయ్య త్సుగుమికి వెళ్లలేదు. "ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?" అన్నాడు. వేడినీళ్లలో కాఫీ పొడి కలుపుకుని వంటింట్లో నిలబడే తాగేవాడు. మిగిలిన మూడు కెఫేల మాట చినామి ఎత్తలేదు. కార్డు గడువు దాటిపోయింది. సంచి పోతే పోయింది. పొద్దున్నే ఏడింటికి అలవాటుగా కోటు వేసుకుని, మళ్లీ విప్పేసే తాతయ్యని చూడటమే ఆ పిల్లకి కష్టంగా ఉంది.

ఆదివారం పొద్దున్న చినామి ఫ్లాస్కు, డబ్బా కడిగింది. సొరుగులోంచి పట్టీల పెట్టె తీసింది.

"ఇవి తిరిగిచ్చి రావాలి తాతయ్యా. నువ్వూ రా," అని ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

తలుపు తెరవగానే త్సుగుమిలో మాటలు ఆగిపోయాయి. స్టవ్ పక్క కుర్చీలో ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. ఇనగాకి గారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. తలుపు పక్క బల్ల ఒక్కటే ఖాళీ. అది గాలి కొట్టే చోటు.

"రండి," అంది కుజుయా మామ్మ. రెండు గ్లాసుల నీళ్లు పెట్టింది. తర్వాత మెనూ కార్డు తెచ్చి తాతయ్య ముందు పెట్టింది.

"ఏం తీసుకుంటారండీ?"

ఇరవై రెండేళ్లలో తాతయ్య ఆ కార్డు ఎన్నడూ ముట్టుకోలేదు. ఆయన ఏం తాగుతాడో ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఆయన కార్డు తెరిచాడు. కళ్లజోడు తెచ్చుకోలేదు, ఊరికే చూస్తున్నాడు.

"కొత్త షాపుల్లో కాఫీ తాగితే మోకాళ్లు నయమవుతాయటగా!" అన్నారు పేపరు వెనక నుంచి ఇనగాకి గారు. ఎవరో నవ్వారు.

చినామి లేచి నిలబడింది.

"తాతయ్య చెప్పమనలేదు. నేనే చెప్పాను. తాతయ్యకి అసలు తెలీనే తెలీదు. నన్ను ఎవరూ ఏమీ అనకూడదని తన మీద వేసుకున్నాడు. నేను పక్కనే ఉండి కూడా ఊరుకున్నాను." పట్టీల పెట్టె తీసుకెళ్లి ఇనగాకి గారి బల్ల మీద పెట్టింది. "ఇవి కూడా ఇవ్వలేదు. దాచేశాను."

పేపరు కిందికి దిగింది. ఇనగాకి గారు తాతయ్య వంక చూడలేక పెట్టె వంక చూశారు.

"వేరే షాపుకి వెళ్తున్నామంటే నేనేం చేసేదాన్ని?" అని అడిగింది కుజుయా మామ్మ.

"బాధపడేవారు."

"పడేదాన్ని. ఒక్క పూట. నువ్వు మోకాలన్నావని రెండు వారాలు పడ్డాను. మా ఆయనకీ ముందు మోకాలు నొప్పే అన్నారు. మళ్లీ ఈ షాపులోకి నడిచి రాలేదాయన."

చినామికి ఏడుపొచ్చింది. ఆ వీధిలో ఎవరు తప్పు ఒప్పుకున్నా "ఫర్లేదులే" అంటారు. కుజుయా మామ్మ అనలేదు. తాతయ్య చేతిలోంచి మెనూ కార్డు తీసుకుని మూసేసి, లోపలికి వెళ్లింది.

కాసేపటికి కాఫీ, గుడ్డు, ఎర్ర చిక్కుడుగింజల పూర్ణం రాసిన టోస్టు వచ్చాయి. చినామికి కోకో వచ్చింది. స్టవ్ పక్క కుర్చీ ఖాళీ కాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తాతయ్య భుజాలు ముడుచుకుంటున్నాడు. కానీ టోస్టు చివరి ముక్క దాకా తిన్నాడు.

"కోకో బాగుందా?" అని అడిగింది కుజుయా మామ్మ.

చాలా బాగుంది అనే మాట చినామి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"కొంచెం చేదుగా ఉంది మామ్మా."

కుజుయా మామ్మ ఆ పిల్లని చూసింది. లోపలికి వెళ్లి, పంచదార గిన్నె తెచ్చి ముందు పెట్టింది.