వాపసొచ్చిన పదమూడు మెయిళ్లు

"ఉపేందరన్నా, జర మీ మిషిన్ సంగతేందో చెప్తరా?"

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు మెయింటెనెన్స్ గది గుమ్మంలో నిలబడి సంతోషి అడిగిన ఈ ప్రశ్నలో ఉపేందర్‌కు ఒక్క ముక్కే వినబడింది. అన్నా.

నాచారంలోని ఆ మందుల కంపెనీలో సంతోషి అందరినీ అన్న అనే పిలుస్తుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న, క్యాంటీన్‌లో వడ్డించే అన్న, ఎలక్ట్రీషియన్ దుర్గేషన్న. రెండేళ్లుగా ఆ పిలుపు బారిన పడకుండా తప్పించుకున్నవాడు ఉపేందర్ ఒక్కడే. అతన్ని ఆమె "మీరు" అనేది, మరీ అవసరమైతే ఎదురుగా వచ్చి నిలబడేది. ఆ ఒక్క ఆధారం పట్టుకుని అతను రెండేళ్లుగా ఆశ పెంచుకున్నాడు. ఇవాళ అదీ పోయింది.

"ఏమైంది?" అన్నాడు, చేతిలోని స్క్రూడ్రైవర్ మీద నుంచి చూపు తిప్పకుండా.

"నిన్న మధ్యాహ్నం నా చాంబర్ వేడెక్కింది. నాలుగు గంటలు గట్లనే ఉన్నదట. నాకు మెసేజ్ రాలే."

సంతోషి పని చాంబర్ చూసుకోవడం. కంపెనీ తయారుచేసే మాత్రలు ఎంతకాలం పాడవకుండా ఉంటాయో తేల్చడానికి వాటిని బీరువా అంత చాంబర్‌లో ఒకే వేడి దగ్గర నెలల తరబడి ఉంచుతారు. వేడి గీత దాటితే చాంబర్ తనంతట తానే ఆమె ఫోన్‌కు మెసేజ్ పంపాలి. ఆ ఏర్పాటు చేసింది ఉపేందరే. నిజానికి చాంబర్‌కు మెసేజ్ పంపడం రాదు, మెయిల్ పంపడమే వచ్చు. సంతోషి ఫోన్ నంబర్‌తో సిమ్ కంపెనీ ఇచ్చిన ఒక మెయిల్ అడ్రస్‌కు పంపితే, వాళ్లు దాన్ని మెసేజ్‌గా మార్చి ఆమె ఫోన్‌లో పడేసేవాళ్లు. రెండేళ్లుగా ఇలాగే నడిచింది.

ఉపేందర్ లేచి కంప్యూటర్‌లో చాంబర్ పంపినవాటి లాగ్ తెరిచాడు. "రెండు గంటల పది నిమిషాలకు పోయింది. సెంట్ అని ఉన్నది, సూడున్రి."

"సెంట్ అని మీ మిషిన్ చెప్తే అయిపాయెనా? వచ్చిందని నా ఫోన్ చెప్పాలె గద."

"కొంతమందికి మెసేజ్‌లు వస్తయి. చూసి గూడ చూడనట్టు ఊకుంటరు."

అన్నాక తనకే తెలిసింది, ఈ మాట చాంబర్ గురించి కాదని. సంతోషికి అది తెలియదు. ఆమె ముఖం ఎర్రబడింది.

"అచ్యుతరావు సార్ గూడ గిదే అన్నడు. మాత్రలకేం కాలేదట. కని మెసేజ్ వచ్చినా నేను పట్టించుకోలేదని రిపోర్ట్ రాస్తడట. వార్నింగ్ లెటర్ ఇస్తరట. వచ్చే నెల నన్ను పర్మనెంట్ చేసేదున్నది. ఇగ ఏం చేస్తరు?" ఆమె పక్కనున్న గోడకు ఆనుకుంది.

అచ్యుతరావు క్వాలిటీ విభాగం మేనేజరు. కాగితం మీద ఉన్నదే ఆయనకు నిజం. ఆ కాగితం మీద ఇప్పుడు సెంట్ అని ఉంది.

ఉపేందర్ కోపం సగం దిగిపోయింది. మిగతా సగం మాత్రం పన్నెండు రోజుల నాటిది, అంత తొందరగా దిగేది కాదు.

ఆ కథ ఇదీ. మెసేజ్ దారి బాగానే ఉందో లేదో తెలియడానికి చాంబర్ రోజూ పొద్దున ఆరింటికి ఆమెకు ఒక టెస్ట్ మెసేజ్ పంపుతుంది. అది నిన్నటిదా ఇవాళ్టిదా గుర్తుపట్టడానికి కింద ఏదో ఒక కొత్త ముక్క ఉండాలని చెప్పి, ఉపేందర్ రోజూ ఒక వాక్యం చేర్చేవాడు. "ఇవాళ క్యాంటీన్ల గోంగూర పప్పు." "ఉప్పల్ చౌరస్తల నీళ్లు నిలిచినయి, మెట్రోకు రాన్రి." మధ్యాహ్నం ఆమె ఎదురుపడి "గోంగూర అన్నరు, బెండకాయ పెట్టిన్రు" అని దెప్పేది. ఆ దెప్పుడు కోసమే అతను రాత్రి వాక్యం ఆలోచించి పడుకునేవాడు. ఈ నెల మూడో తేదీ బుధవారం మాత్రం, చాలా ధైర్యం తెచ్చుకుని, కూరల సంగతి కాకుండా వేరే సంగతి రాశాడు. ఆమె ఏమీ అనలేదు. ఒకరోజు, రెండు రోజులు, వారం. అతను వాక్యాలు మానేశాడు. క్యాంటీన్‌కు కూడా ఆమె వెళ్లిపోయాకే వెళ్తున్నాడు.

"మీకు లాస్ట్ మెసేజ్ ఎప్పుడొచ్చింది?" అడిగాడు పొడిగా.

సంతోషి ఫోన్ తీసి చూపించింది. "రెండో తారీకు మంగళవారం. ఆ తర్వాత టెస్ట్ మెసేజ్ గూడ రాలే."

"మూడో తారీకు రాలేదా?"

"రాలే."

"ఖరారుగ?"

"ఎన్నిసార్లు చెప్పాలె? మూడు నుంచి ఒక్కటి గూడ రాలే."

ఉపేందర్ కుర్చీలో కూలబడ్డాడు. అంటే ఆమె చదివి ఊరుకోలేదు. అసలు చదవనే లేదు. గుండె మీద నుంచి ఎవరో సిమెంటు బస్తా దించినట్టయింది. తన చేతులతో పెట్టిన ఏర్పాటు చెడిపోయి ఉండాలని దేవుణ్ణి వేడుకున్న మెయింటెనెన్స్ మనిషి బహుశా అతనొక్కడే అయ్యుంటాడు.

"అయితే చెక్ చేద్దాం," అన్నాడు ఒక్కసారిగా హుషారుగా.

తన ఫోన్ నుంచి ఆమెకు మామూలు మెసేజ్ పంపాడు. టింగుమని వచ్చింది. ఆమె ఫోన్ బాగానే ఉంది. తర్వాత లాప్‌టాప్ నుంచి చాంబర్ పంపే అడ్రస్‌కే మెయిల్ పంపాడు. ఇద్దరూ ఫోన్ మీదికి వంగి చూస్తూ కూర్చున్నారు. బయట రేకుల మీద వాన మొదలైంది. ఆమె జడలోంచి ఒక పాయ జారి అతని మోచేతిని తాకింది, అతను మోచేతిని ఎక్కడున్నది అక్కడే ఉంచాడు.

"వచ్చిందా?"

"రాలే."

"మస్తు మంచిగైంది."

"ఏం మంచిగైంది?"

"అంటే, తప్పు దొరుకుతున్నది గద," అని సర్దుకున్నాడు.

సిమ్ కంపెనీకి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి ఒకామె అలాంటి సర్వీసు తమ దగ్గర ఇప్పుడు లేదని చెప్పింది. ఎప్పుడు తీసేశారంటే ఆ వివరం తన దగ్గర లేదంది. కాగితం మీద రాసి ఇమ్మంటే పది పనిదినాలు పడుతుందంది.

"ఇగ సారు నమ్మినట్టే," అంది సంతోషి.

అప్పుడు ఇందాకటి మెయిల్ లాప్‌టాప్‌కే వాపసొచ్చి కనబడింది, ఉపేందర్‌కు తట్టింది. సెంట్ అంటే చాంబర్ ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేసిందని మాత్రమే. అవతల అడ్రస్ లేకపోతే ఉత్తరం పంపినవాళ్లకే తిరిగొస్తుంది. పంపింది చాంబర్. చాంబర్‌కు ఒక మెయిల్ బాక్స్ ఉంది. యంత్రానికి వచ్చిన మెయిళ్లు చదివే అలవాటు ఎవరికుంటుంది? రెండేళ్లుగా దాన్ని ఎవరూ తెరవలేదు. పాస్‌వర్డ్ మాత్రం ప్యానెల్ తలుపు లోపల స్టిక్కర్ మీద రాసి ఉంది.

"ఉండున్రి, దొరికింది," అంటూ పరుగున వెళ్లి దాన్ని రాసుకొచ్చాడు. తిరిగొచ్చేసరికి గొడుగు దులుపుకుంటూ అచ్యుతరావు గదిలో నిలబడి ఉన్నాడు.

"ఏమిటి, ఏదో దొరికిందంటున్నారు?"

సంతోషి గబగబా చెప్పింది. "మెయిళ్లు వాపసొచ్చుంటయట సార్. అవి ఉంటే నా తప్పు లేదని తేలుతది."

"బాగుంది. తెరవండి."

ఉపేందర్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. వాపసొచ్చిన మెయిల్‌లో తాను రాసినదంతా అక్షరం పోకుండా ఉంటుంది. మూడో తేదీది కూడా.

"సార్, మీరు పోయి కూసోన్రి. నేను ప్రింట్ తీస్కొస్త."

"ఒక్కరే తెరిస్తే అది సాక్ష్యం కాదు. నా ముందే తెరవండి."

పాస్‌వర్డ్ పనిచేయడం లేదంటే సరిపోతుంది. అతని పరువు దక్కుతుంది, వార్నింగ్ లెటర్ మాత్రం ఆమె చేతికొస్తుంది. ఉపేందర్ ఒకసారి సంతోషి వైపు చూశాడు. ఆమె మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి బిగించి చుట్టుకుంటోంది, వేలి కొస తెల్లగా పాలిపోయింది. అతను పాస్‌వర్డ్ కొట్టాడు.

పదమూడు మెయిళ్లు. అన్నీ వాపసొచ్చినవే. పన్నెండు రోజుల టెస్టులు, నిన్నటి హెచ్చరిక; నిన్న వేడెక్కాక మెసేజ్ ఏర్పాటును ఆపి ఉంచారు కనక ఇవాళ్టి టెస్ట్ లేదు. అన్నిటికన్నా పైన నిన్నటిది, రెండు గంటల పదకొండు నిమిషాలకు తిరిగొచ్చింది. చేరలేదు, ఇలాంటి అడ్రస్ లేదు.

అచ్యుతరావు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "అంటే ఈ అమ్మాయికి అందలేదు. తప్పు ఈమెది కాదు."

సంతోషి పక్కనున్న టూల్ పెట్టె మీద కూర్చుండిపోయింది. రెండు చేతులతో ముఖం మూసుకుని, తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి ఉపేందర్‌కు ఏ పరువూ గుర్తురాలేదు, ఒక్క క్షణం పాటు.

"ఇంక చాలు గద సార్," అంటూ మౌస్ కదిపాడు.

"ఎక్కడ చాలు? ఎప్పటి నుంచి ఆగిపోయిందో తేలాలిగా. మొదటిది తీయండి."

తీయక తప్పలేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన తెలుగును అచ్యుతరావు కూడబలుక్కుంటూ పైకే చదివాడు. "ఆదివారం మా అమ్మను మీ ఇంటికి తోల్కరావొచ్చా. మీరు ఇష్టమంటేనే. చిన్నగా చెప్పినా వినవడతది."

ఉపేందర్ మౌస్ మీద నుంచి చేయి తీసేశాడు.

"ఇది చాంబర్ పంపిందా?" అన్నాడాయన.

"కాదు సార్. నేనే."

అచ్యుతరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పదమూడూ ప్రింట్ తీయండి," అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

సంతోషి ఐడీ కార్డు తాడును మళ్లీ వేలికి చుట్టుకుంది. "పన్నెండు దినాలు నాకు మొఖం చాటేసింది గిందుకా?"

"మీరు జవాబియ్యలే."

"వస్తే గద ఇచ్చేది."

"మరి మెసేజ్‌లు బందైనయని మీరెందుకు అడగలే?"

"ఆ మంగళవారం మీ నీలం అంగీ చూసి నవ్విన గద. కోపమొచ్చి నా నంబర్ తీసేసిన్రనుకున్న. మీరేమో క్యాంటీన్ల గూడ కనవడకపోతిరి. అడిగితే అలుసైపోత అనుకున్న." కాస్త ఆగింది. "అన్న అన్నది గూడ గందుకే. మీకు మండాలని."

"మండింది."

"మంచిగైంది."

"మరి ఆదివారం సంగతి..."

"ముందు నా చాంబర్‌కు కొత్త మిషిన్ పెట్టున్రి. ఈసారి నేను జవాబిచ్చేటట్టు ఉండాలె," అని వానలోనే ల్యాబ్ వైపు నడిచింది.

ఉపేందర్ నిద్రాహారాలు మాని దాని మీద పడ్డాడు. కంపెనీ పేరుతో మెసేజ్‌లు పంపే సంస్థలను అడిగితే, పంపబోయే ప్రతి వాక్యానికీ ముందుగా అనుమతి తీసుకోవాలన్నారు, దానికి వారాలు పడుతుందన్నారు. అందుకని సొంత సిమ్ వేసుకుని నేరుగా మెసేజ్ పంపే చిన్న డబ్బా ఒకటి తెచ్చి ప్యానెల్‌లో బిగించాడు. మధ్యలో మెయిల్ లేదు, మార్చేవాళ్లు లేరు. మెసేజ్ అందినవాళ్లు అయిదు నిమిషాల్లో ఒకటి అంకె కొట్టి తిప్పి పంపాలి. పంపకపోతే డబ్బా ఫోన్ చేస్తుంది, ఆమె ఎత్తకపోతే అతనికి చేస్తుంది.

గురువారం సెన్సర్ పక్కన వేడి వేడి చాయ్ గ్లాసు పెట్టి పరీక్షించారు. పది సెకన్లలో సంతోషి ఫోన్ మోగింది. ఆమె ఒకటి కొట్టింది, డబ్బా మీద పచ్చదీపం వెలిగింది. "మంచిగున్నది," అంది. ఆ చాయ్ తాగేసి వెళ్లిపోయింది. రెండో సంగతి ఎత్తనే లేదు.

శుక్రవారం రిపోర్ట్ మీద సంతకాలు. వార్నింగ్ లెటర్ రద్దయింది. ఉపేందర్ మాత్రం అచ్యుతరావు గదిలో ఒక కాలి మీద నిలబడ్డట్టున్నాడు.

"సార్, ఆ ఒక్క పేజీ తీసేద్దాం."

"పదమూడు మెయిళ్లని రాశాం. పన్నెండే పెడితే మిగతాది ఏదని ఆడిటర్ అడుగుతాడు. మా శాఖలో కాగితం చింపడం ఉండదు బాబూ."

ప్రతి పేజీ కింద, సంబంధించిన వ్యక్తి తన మాట రాసి సంతకం పెట్టాలి. సంతోషి కూర్చుని వరసగా రాసుకుంటూ పోయింది. మెసేజ్ అందలేదు, సంతకం, తేదీ. మెసేజ్ అందలేదు, సంతకం, తేదీ. పన్నెండు పేజీలు అయ్యాయి. పదమూడో పేజీ దగ్గర పెన్ను ఆగింది. ఉపేందర్ గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగిపోయాడు.

పెన్ను మళ్లీ కదిలిన చప్పుడైంది. ఈసారి ఎక్కువసేపే రాసింది. రాసి, ఫైలు అతని ముందుకు జరిపి, తల దించుకుంది.

"అప్పుడు అందలేదు. ఇప్పుడు చదివిన, నాకు ఇష్టమే. రేపు శనివారం మీ అమ్మను ఉప్పల్ల మా ఇంటికి తోల్కరాన్రి. ఆదివారం మా నాయిన ఘట్‌కేసర్ పోతడు, ఇంట్ల ఉండడు." కింద సంతకం. తేదీ.

ఉపేందర్ దాన్ని మూడుసార్లు చదివాడు. ఈలోగా అచ్యుతరావు ఫైలు తన వైపు తిప్పుకుని, తాపీగా చదివి, తల అడ్డంగా ఊపాడు.

సంతోషి చటుక్కున తలెత్తింది.

"ఇలా అయితే నేను సంతకం పెట్టలేనమ్మా. తేదీ ఉంది, టైమ్ లేదు."

"సార్?"

"ఇతని అమ్మ ఉండేది జనగామలో కదా, అక్కడి నుంచి రావాలా వద్దా? ఎన్నింటికి రావాలో రాయకపోతే పెద్దావిడ ఏ బస్సెక్కుతుంది?"

సంతోషి ముఖం ఎర్రగా కందిపోయింది. ఫైలు లాక్కుని, సాయంత్రం అయిదు గంటలకు అని రాసి, పక్కన మళ్లీ సంతకం పెట్టింది.

"ఇప్పుడు పూర్తయింది," అని అచ్యుతరావు దాని కింద తన సంతకం పెట్టాడు. ఉపేందర్ అప్పటికే వరండాలో నిలబడి, నవ్వు ఆపుకోలేక తడబడుతూ, ఫోన్‌లో అమ్మకు రేపటి బస్సు టైము చెబుతున్నాడు.