ఎడమ పక్క ట్రాలీ

కోత మొదలయ్యే రోజు పొద్దున్నే ఆవిడ తలకి గుడ్డ చుట్టుకుని, ట్రాక్టరు తాళం వేలికి తిప్పుకుంటూ, "ఇంకా తెమల్లేదా పెళ్ళికొడుకు గారూ?" అని మొగుణ్ణి గదమాయించేది. ఇరవై ఆరేళ్ళు అదే వరస. ఈ ఏడు మాత్రం ఆవిడ వంటింట్లోంచి కదల్లేదు. ఆయన టీ తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, "వెళ్ళొస్తా" అన్నాడు. "ఊఁ" అంది ఆవిడ, గిన్నె తోముతూనే.

వాళ్ళ పని ఇలా ఉండేది. ఆయన కోతమిషన్ ఆపకుండా పొలం కోసుకుంటూ పోతుంటే, దాని ఎడమ పక్కన ఆవిడ ట్రాక్టరు ట్రాలీతో సహా అదే వేగంతో నడవాలి. మిషన్ గొట్టంలోంచి దూకే గింజలు నడుస్తున్న ట్రాలీలోనే పడాలి. మూరెడు అటూ ఇటూ అయిందా, పంట నేలపాలు. ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినపడదు. అయినా ఏ రోజూ దోసెడు గింజలు కింద పడింది లేదు.

పోయినేడు పడ్డాయి. దోసెడు కాదు, అర ట్రాలీ. కూతురు పరుగెత్తుకొచ్చి, "నిద్రపోయావా అమ్మా? ఇక ఈ పని నీవల్ల కాదులే, దిగు" అంది, పనివాళ్ళందరి ముందూ. ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. ఆయన నేల చూపులు చూశాడు. మిషన్‌ని కుడికి లాగేసింది తనేనని ఆయనకి తెలుసు. కూరలో ఉప్పెక్కువైతే వీధి చివరిదాకా వినపడేట్టు అరిచే పెద్దమనిషికి, అప్పుడు మాత్రం నోరు పెగల్లేదు!

ఆ తర్వాతే కూతురు కెమెరా పెట్టె కొనుక్కొచ్చింది. దాన్ని మిషన్‌కి బిగిస్తే ట్రాక్టరు డ్రైవరు లేకుండానే పక్కన నడుస్తుంది. ట్రాలీని గొట్టం కిందకి తనే సర్దుకుంటుంది. ఆవిడ తాళం తెచ్చి, మాట్లాడకుండా కూతురి చేతిలో పెట్టేసింది.

మధ్యాహ్నం ఆవిడ అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీదకొచ్చింది. ఖాళీ సీటుతో ట్రాక్టరు బుద్ధిగా నడుస్తోంది.

"చూశావా అమ్మా, ఒక్క గింజ కింద పడలేదు!" అంది కూతురు.

"బాగానే నడుస్తోందే" అంది ఆవిడ. ఆ గొంతులో దిగులు కూతురికి పట్టలేదు.

ఆయన దిగొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ఫోన్‌లో పెట్టె పంపిన లెక్కలు చూసుకుంటున్న కూతురు ఉన్నట్టుండి కనుబొమ్మలు ముడిచింది.

"ఇదేంటి నాన్నా? పొద్దుట్నుంచి మిషన్ నలభై మూడుసార్లు కుడికి పోయింది. పోయినప్పుడల్లా ట్రాక్టరు వెంటపడి సర్దుకుంది."

"కొత్త పెట్టె కదా, ఏదో తిక్కగా రాస్తుంటుంది."

"పెట్టెకి తిక్కేంటి నాన్నా? మిషన్ నడిచిన గీత చూడు, పాము పాకినట్టుంది." ఆ పిల్ల గొంతు మెల్లగా మారిపోయింది. "పోయినేడూ ఇంతేనా? ఆ రోజు కూడా?"

ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది. "నాకు ఎడమ కన్ను సరిగ్గా కనపడదమ్మా, ట్రాలీకి తగులుతుందేమోనని కుడికి లాగేస్తుంటాను. ఆ రోజు తప్పు నాది. మీ అమ్మది కాదు."

"ఏడాదిగా అమ్మని అన్నేసి మాటలన్నాను. వింటూ ఎలా ఊరుకున్నావ్?"

"చెప్తే మిషన్ దిగమంటావని భయమేసింది."

"అందుకని అమ్మని దింపేశావా?"

"చాల్లే, తండ్రితో ఏంటా మాటలు!" అని ఆవిడ అడ్డుపడింది. "నాకు తెలుసు. రెండేళ్ళుగా తెలుసు. ఆయన ఎటు జరిగితే నేనటు జరిగేదాన్ని. ఆ ఒక్కరోజే మలుపులో అందుకోలేకపోయాను."

ఆయన నిర్ఘాంతపోయాడు. "తెలిసీ నన్నెందుకు అడగలేదే?"

"మీరే చెప్తారని చూశాను. ఆ సాయంత్రం చూశాను. మర్నాడు చూశాను. తర్వాత చూడ్డం మానేశాను."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని, "నన్ను కొట్టమ్మా" అని ఏడ్చేసింది. "నిన్ను కొడితే ఏమొస్తుందే పిచ్చిదానా" అంది తల్లి. ఆయన అన్నం వదిలేసి లేచి, మిషన్ తాళం కూతురి ముందు పెట్టాడు.

మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "కంట్లో ఒత్తిడి. పోయిన చూపు తిరిగి రాదండీ. కుడి కన్ను మందులతో కాపాడొచ్చు. రెండేళ్ళ ముందు వచ్చుంటే ఎడమదీ దక్కేది" అంది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఏడాదిపాటు కంట తడి పెట్టని మనిషి అక్కడ భోరుమంది.

"పాపిష్టిదాన్ని! మీ వెనకాల సర్దుకుంటూ తిరిగానే గానీ, ఒక్కసారి ట్రాక్టరు ఆపి అడిగుంటే..."

"అడిగితే నీమీదే విరుచుకుపడేవాణ్ణి. కళ్ళు పోయింది నీకే అనేవాణ్ణి."

"అంటే అనేవారు. పడేదాన్ని. కన్నైనా మిగిలేది."

ఆయన బతిమాలుతున్నట్టు అన్నాడు. "రేపట్నుంచి నువ్వే ట్రాక్టరు ఎక్కు. అమ్మాయికి నేను చెప్తాను."

"ఇప్పుడెందుకండీ? నేను లేకుండానే అది చక్కగా నడుస్తోంది."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది, తిట్లు తిని ఊరుకునేవాడు. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన గొల్లుమన్నాడు. "ఊరుకోండి, మందులు వేసుకోవాల్సిన కళ్ళు" అంటూ ఆవిడ అరచేత్తో తుడిచింది. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమది.