ఆయ్ అన్నంత మాత్రాన

మినపరొట్టె అడుగు ఎర్రగా కాలి, అంచులు వాటంతటవే గిన్నెను వదిలాయి. ఇంకో రోజైతే సాయిదుర్గ ఆ కరకర చప్పుడుకే మురిసిపోయేది. పెళ్లయిన కొత్తలో భర్త సత్యదుర్గారావు వంటింటి గుమ్మంలో నిలబడి, కరకరలాడే అంచు తనకే కావాలని పేచీ పెట్టేవాడు. ఓడలో పని అతనిది, సెలవు అయిపోగానే ఓడెక్కాడు. ఇప్పుడు ఎక్కడో పరాయి దేశపు రేవులో, పోలీసుల కాపలాలో ఉన్నాడు.

ఓడలో తాళ్లు దాచే గదిలో మత్తుమందు పొట్లాలు దొరికాయట. ఆ గది తాళంచెవి అతని దగ్గర ఉండేది. అంతే, అతన్ని దించేశారు. కెప్టెన్‌నీ మిగతావాళ్లనీ ఎక్కించుకుని ఓడ తన దారిన తను పోయింది.

ఈ మాట వాళ్ల ఊరు ఓడలరేవులో పొక్కిన దగ్గర్నుంచి మామగారు బుల్లబ్బాయి చేపల వేటకు వెళ్లడం మానేశాడు. పడవల దగ్గర ఎవరో, మీవోడి సరుకు మాకూ కాస్త చూపించమని నవ్వారట. కొడుకు పేరు ఇక ఈ ఇంట్లో వినపడకూడదన్నాడు. అత్తగారు గంగాదేవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సాయిదుర్గకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆ పొద్దున అమలాపురం నుంచి మాణిక్యాలరావు వచ్చాడు. సత్యదుర్గారావుని ఓడెక్కించిన కంపెనీకి ఏజెంటు. వరండాలో కుర్చీ లాక్కుని, కాసేపట్లో అబ్బాయి ఫోను చేస్తాడనీ, నేరం ఒప్పుకుని సంతకం పెట్టమని తండ్రే చెప్పాలనీ అన్నాడు. పెడితే శిక్ష తగ్గుతుందట. కంపెనీకీ గొడవ వదులుతుందట. కుర్రాడు డబ్బుకి ఆశపడ్డాడు, పెంపకంలోనే ఎక్కడో లోపం ఉందన్నాడు. ప్రతి మాటకీ బుల్లబ్బాయి తల వంచుకుని "ఆయ్... ఆయ్" అంటున్నాడు.

సాయిదుర్గ చేతిలో అట్లకాడతోనే బయటికొచ్చింది.

"ఆయన తప్పు చేసేరని ఏ కోర్టు చెప్పిందండీ?"

"కోర్టెందుకమ్మా, వాడే ఒప్పేసుకుంటేను."

"ఏమని ఒప్పుకున్నారు? ఆయన అన్న మాట అన్నట్టు చెప్పండి."

మాణిక్యాలరావు విసుక్కున్నాడు. తాళంచెవి నీ దగ్గరే ఉందా అని కెప్టెన్ అడిగితే 'ఆయ్ సర్' అన్నాడట. పొట్లాలు నువ్వే దాచావా అని పోలీసులు అడిగినా 'ఆయ్ సర్' అన్నాడట.

"ఓడవాళ్ల ఇంగ్లీషులో ఆయ్ అంటే అవునని అర్థం. అలాగే రాసేసుకున్నారు."

 సాయిదుర్గ మామగారి వైపు తిరిగింది.

"మావయ్యగారూ, మీ పెంపకంలో లోపం ఉందని ఇప్పుడు ఈయన దగ్గర ఒప్పుకున్నారా?"

బుల్లబ్బాయి తలెత్తాడు. "నేనెప్పుడు ఒప్పుకున్నానమ్మా?"

"ఆయ్ అన్నారు కదండీ."

"పెద్దమనిషి మాట్లాడతంటే వింటున్నానని అన్నాను. దానికీ..." అంటూనే కోడలి ముఖంలోకి చూశాడు.

"మీ అబ్బాయి కూడా అంతేనండి. వాళ్ల ఇంగ్లీషు సగం అర్థం కాక, మన వైపు అన్నట్టే మర్యాదకి అన్నారు. పక్కన తెలుగు తెలిసినవాడు ఉన్నాడా, లాయరు ఉన్నాడా? మాణిక్యాలరావుగారూ, మీరు ఈ నీళ్లు తాగి పెరిగినవారే. ఆ మాటకి అర్థం మీకు తెలియదాండీ?"

అతను ఫోను అటూ ఇటూ తిప్పుతూ, అవన్నీ తన చేతిలో లేవని గొణిగాడు.

"తెలుసు. తెలిసే ఊరుకున్నారు. ఓడకి ఆలస్యమవుతుందని వాళ్లు మనిషిని వదిలేసి పోయేరు. ఆ గదిలోకి ఇంకెవరు వెళ్లేవారో ఎవరూ అడిగిన పాపాన పోలేదు."

అప్పటిదాకా తలుపు చాటున ఉన్న గంగాదేవి వరండాలోకి వచ్చింది. "నా కొడుకుని ఎక్కించింది నువ్వే బాబూ. నువ్వే దింపుకురా."

ఫోను మోగింది. మాణిక్యాలరావు ఎత్తేలోపే బుల్లబ్బాయి లాక్కున్నాడు. అవతల కొడుకు నీరసమైన గొంతు. సంతకం పెట్టమంటున్నారనీ, నాన్న ఏం చెబితే అది చేస్తాననీ అంటోంది.

"పెట్టకు. అర్థం కానిది అర్థం కాలేదని చెప్పు. తెలుగు తెలిసినోణ్ణీ, లాయర్నీ అడుగు. వాళ్లొచ్చేదాకా నోరు విప్పకు."

అటునుంచి కొడుకు అడిగాడు.

"నన్ను నమ్మేరా నాన్నా?"

"ఇందాకటిదాకా నమ్మలేదురా." బుల్లబ్బాయి ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఎవడో నవ్వేడని నీ పేరే ఎత్తొద్దన్నాను. నిన్ను ఒక్క మాట అడగాలని తోచలేదురా నాకు."

అవతల వెక్కిళ్లు. సాయిదుర్గ ఫోను తీసుకుంది. చెప్పాలని దాచుకున్న ముద్దుమాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"భయపడకండి. మేం బయల్దేరుతున్నాం. లాయరు దగ్గరికి, కలెక్టరుగారి దగ్గరికి. ఎవరు వినకపోతే వాళ్ల గుమ్మంలో కూర్చుంటాం."

ఆమె తలెత్తేసరికి వరండాలో మామగారు లేడు. గుండీలు తప్పు పెట్టుకున్న చొక్కాతో, కళ్లు తుడుచుకోకుండానే, రోడ్డు మీద ఆటో ఆపి నిలబెట్టాడు. ఎక్కడికండీ అని డ్రైవరు అడిగితే, వీధి వీధంతా వినపడేలా చెప్పాడు.

"మా అబ్బాయి కోసం."