లాయరు కాని భాగస్వామి

"ఇకామా రెన్యువల్ అయిందా?"

"ఫోటో మారింది. పేరు మారలేదు."

సౌదీలోని దమ్మామ్ పోర్టు రోడ్డులో చాయ్ కొట్టు. నివాస పర్మిట్ ఇకామా పేరుతో పెట్టుకున్న కోడ్‌వర్డ్ కలవగానే ట్రక్కు డ్రైవరు పేపర్ కప్పు కింద మెమరీ కార్డు వదిలేసి వెళ్లిపోయాడు. ఏజెంట్ నయీమ్ దాన్ని ఫోన్‌లో వేసి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. హైదరాబాద్ నుంచి చీఫ్ ఉమాదేవి గొంతు. కుశల ప్రశ్నలు ఆవిడకు అలవాటు లేదు.

"టార్గెట్ అల్ మిర్సాత్ అనే లా ఫర్మ్. దాని హెడ్డాఫీసు ఉన్న దేశంలో లాయర్లు కానివాళ్లు కూడా లా ఫర్మ్‌లో వాటా కొనొచ్చు. ఆల్టర్నేటివ్ బిజినెస్ స్ట్రక్చర్ అంటారు. లైసెన్సులో ముఖ్యమైన షరతు ఒకటుంది. అలాంటి వాటాదారు క్లయింట్ల ఫైళ్ల జోలికి పోకూడదు. ఇప్పుడు సగం వాటా కెట్రిక్ అనేవాడిది. వాడు విదేశీ గూఢచారి ముఠా మనిషి. ఈ మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి ఫైళ్లన్నీ కొత్త సర్వర్‌లోకి వెళ్తున్నాయి. ఆ సర్వర్ కెట్రిక్‌ది.

"ఆ ఫైళ్లలో మన తెలుగువాడొకడి వాంగ్మూలం ఉంది. ఆయిల్ జెట్టీ కింద ఎవరో పెట్టె బిగించడం చూశాడు. అది బాంబు అయ్యుండాలి. కెట్రిక్ అతని పేరు చదివితే మనవాడు రేపటి ఉదయం చూడడు. సౌదీ వాళ్లను హెచ్చరించాలన్నా ఏ జెట్టీయో తెలియాలి. కబురు పంపిన ఆ ఫర్మ్ లాయర్ అఫ్షాన్ అంతకుమించి చెప్పనంటోంది. ఆమె మనకూ పనిచేస్తోంది, కెట్రిక్‌కూ పనిచేస్తోంది. అసలు ఎవరి మనిషో తేలలేదు. ఫైలు పట్టుకురా."

ఒంటిగంటన్నరకి నయీమ్ అల్ మిర్సాత్ మెట్లెక్కాడు. వేషం మందూబ్‌ది. అంటే కంపెనీ కాగితాలు చంకన పెట్టుకుని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. సౌదీలో మందూబ్‌ని ఎవరూ తేరిపార చూడరు.

అద్దాల గదిలో అఫ్షాన్ కనిపించింది. నల్లని అబాయా, ముత్యాల బ్రూచ్, టేబుల్ మీద రెండు ఫోన్లు. ఆమె దేనికో నవ్వుతోంది. ఎదురుగా కెట్రిక్ ఖర్జూరం నములుతూ ఇంకా గట్టిగా నవ్వుతున్నాడు. నయీమ్‌కి ఆ నవ్వులు అస్సలు నచ్చలేదు.

రెండున్నర దాటాక కెట్రిక్ బయటికెళ్లాడు. అఫ్షాన్ కూడా లేచి వెళ్లింది. నయీమ్ గదిలోకి జారుకుని జేబులోని పెన్ కెమెరా తీశాడు. అల్మారా తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, వెనక గడియ పడింది.

"ఆ పెన్ ఇలా ఇవ్వండి, నయీమ్ సాబ్," అంది అఫ్షాన్ ఉర్దూలో.

"నేను మీ వైపే, మేడమ్."

"కెట్రిక్ కూడా అదే అంటాడు. నేనిక్కడ రూల్స్ అమలు చూసే కంప్లయన్స్ హెడ్‌ని. లాయర్లు కానివాళ్లు ఈ అల్మారా తెరవకూడదు. మీరు లాయరా?"

నయీమ్ ఒళ్లు మండిపోయింది. "ఒక మనిషి ప్రాణం పోతుంటే మీకు రూలు కావాలా? జెట్టీ పేరు చెప్పండి చాలు!"

"నన్ను నమ్మి చెప్పిన మాట అది. చెప్పను. కెట్రిక్ మీద అనుమానం ఉంది, రుజువు లేదు. రుజువు లేకుండా ట్రాన్స్‌ఫర్ ఆపే అధికారం నాకు లేదు. కానీ క్లయింట్ తన ఫైలు తానే వెనక్కి తీసుకోవచ్చు. అందుకే అతన్ని పొద్దున్నే పిలిపించాను. ఫైలు వెనక్కి తీసుకునే ఫారం మీద వేలిముద్ర వేయమంటే వేయడు. తెలుగులో చదివి చెప్పాలంట. నాకు తెలుగు అర్థమవుతుంది, చదివి వినిపించేంత రాదు."

పక్కగదిలో కాలికి పిండికట్టుతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మల్లేశం. జగిత్యాల వైపు, పరంజీలు కట్టే స్కాఫోల్డింగ్ పని. నయీమ్‌ని ఎగాదిగా చూశాడు.

"ఏం పని చేస్తవ్?"

"మందూబ్‌నన్నా. మాది కడప."

"అబద్ధం. మందూబులు గింత నిమ్మలంగ నిలవడరు. సరే, సదువు."

రెండూ నలభై ఎనిమిది. నయీమ్ మొదటి రెండు క్లాజులు చదివి, "మిగిలిందంతా మామూలేన్నా, వేలు పెట్టు," అన్నాడు.

మల్లేశం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మొదాలు వచ్చినప్పుడు గిట్లనే అన్నరు. తెల్లకాయిదం మీద ఏలు పెట్టిన. నాలుగేండ్లు ఇంటికి పోనియ్యలే. మా అమ్మ పోతే గూడ పోలే. అన్నీ సదువు."

నయీమ్ సిగ్గుపడి మిగతా క్లాజులు చదవసాగాడు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. గోడ గడియారం రెండూ యాభై ఐదు చూపిస్తోంది.

"ఏడు. ఈ ఫైలు నకలు సర్వర్ కంపెనీ దగ్గర శాశ్వతంగా ఉంచేదానికి క్లయింట్ ఒప్పుకుంటాండాడు."

"గదెందుకు ఒప్పుకుంట?" అన్నాడు మల్లేశం.

అఫ్షాన్ కాగితం లాక్కుని చూసింది. "నేను రాసిన ఫారంలో ఆరు క్లాజులే ఉన్నాయి!"

పరుగున వెళ్లి గది మూలనున్న కంప్యూటర్ తెరిచింది. ఫారం ఎవరు ఎప్పుడు మార్చారో వరసగా కనిపించింది. ఏడో క్లాజు నిన్న సాయంత్రం చేరింది. లాగిన్ కెట్రిక్‌ది. లాయరు కానివాడు లాయరు కాగితం దిద్దాడు. ఇంతకాలం దొరకని రుజువు అదే. ఆమె ట్రాన్స్‌ఫర్ నిలిపే స్క్రీన్‌లోకి వెళ్లింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. కెట్రిక్! చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"చెయ్యి తియ్, అఫ్షాన్. ఈ ఫర్మ్‌కి ఓనర్‌ని నేను."

"ఓనర్‌వే. లాయర్‌వి కాదు."

నయీమ్ దూకాడు. గుండు సీలింగ్‌లోకి వెళ్లింది. కిందపడిన కెట్రిక్ మళ్లీ లేవబోతే మల్లేశం ఊతకర్ర అడ్డం పెట్టాడు. రెండూ యాభై తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. అఫ్షాన్ ఎంటర్ నొక్కింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు: ట్రాన్స్‌ఫర్ నిలిపివేత.

నయీమ్ కెట్రిక్ చేతులు కట్టేసి మల్లేశం ముందు కూర్చున్నాడు. "ఏ జెట్టీనో చెప్పన్నా."

"మా లాయరమ్మ పక్కన కూసుంటే చెప్త."

ఆమె కూర్చుంది. అతను చెప్పాడు. సాయంత్రం నమాజుకి ముందే సౌదీ కోస్ట్‌గార్డ్ జెట్టీ కింద పెట్టె విప్పేసింది. కెట్రిక్‌ని పోలీసులు తీసుకెళ్లారు. మల్లేశం వీసా మీద ఇంటికెళ్లేందుకు ఎగ్జిట్ స్టాంపు పడింది.

చీఫ్ ఫోన్ చేసింది. "ఫైలేది?"

"క్లయింట్ తీసుకెళ్లాడు మేడమ్."

"నకలైనా?"

"అఫ్షాన్ ఇవ్వలేదు. నా పెన్ను కూడా ఇవ్వలేదు."

అటువైపు నిట్టూర్పు. "కనీసం ఆమె ఎవరి మనిషో అయినా తేలిందా?"

"తేలింది మేడమ్," అన్నాడు నయీమ్. "మల్లేశం మనిషి."