పటం మీద ఎర్ర ఇంటూలు

జీవరత్నం మాస్టారికి పటాల పిచ్చి పట్టిందని ఊరంతా నవ్వుకునేది. నవ్వరూ మరి! ఆదివారం ప్రార్థన కాగానే అక్షరమ్ముక్క రానివాళ్ళని కూడా బడిలో కూచోబెట్టి, తాలూకా పటం పరిచి, తలా ఓ ఎర్ర పెన్సిలు ఇచ్చేవాడు.

"ఇప్పుడు మనం ఎక్కడున్నాం? ఇంటూ పెట్టు" అనేవాడు. పెట్టేదాకా వదిలితే ఒట్టు. ఆయనది ఎడమచేతివాటం. ఆయన పెట్టే ఇంటూ ఓ పక్కకి ఒరిగేది. దానికీ నవ్వేవాళ్ళు.

"సమాధుల దొడ్డికి దోవ నాకు తెలీదేంటయ్యా, పటమెందుకూ?" అనేది ముసలి శౌరమ్మ.

"కాలవ గట్టుకి దోవ చూపించు పిన్నీ, చాలు" అనేవాడు మాస్టారు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

డెబ్బయ్యేడు ఉప్పెన రోజున ఆయన దగ్గర పటం లేదు. కళ్ళు పొడుచుకున్నా కనపడని వానలో పదకొండు మందిని కాలవ గట్టెక్కించాడు. అందులో ఆయన భార్య తెరేసమ్మ ఉంది. చల్లపల్లి ఎగువన, సముద్రం దిగువన. కాలవల మధ్య పుట్టినవాడికి దిక్కులతో ఏం పని, పారే నీళ్ళే చెబుతాయి. "నీళ్ళకి ఎదురు నడవండి, ఎగువకి పోతాం" అన్నాడు. సముద్రం కాలవలోకి ఎగదన్ని నీళ్ళు వెనక్కి పారుతున్నాయని ఆయనకేం తెలుసు, పాపం! ఎదురు నడిచి నడిచి తిన్నగా సముద్రం నోట్లోకే పోయారు. తాటిచెట్టుకి చిక్కుకుని మాస్టారొక్కడే మిగిలాడు.

ఆ తర్వాతే బెజవాడ పోయి, పటమటలో ఉండే రిటైరైన సర్వేయరు వెంకటప్పయ్యగారి కాళ్ళావేళ్ళా పడి పటమూ దిక్సూచీ చూడటం నేర్చుకొచ్చాడు.

డెబ్బయ్ తొమ్మిది మే నెల. రేడియో మళ్ళీ తుఫానంది. మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్మేసింది. ఊళ్ళో కదలకుండా మిగిలినవాళ్ళు పంతొమ్మిది మంది. అందరి చేతా ఒకే మోకు పట్టించి, పటాన్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి గుండెకి కట్టుకుని, మాస్టారు ముందు నడిచాడు. చిట్టచివర శౌరమ్మ.

వాన... తాటాకుల మోత... ఉప్పు వాసన. లాకుల దగ్గర కాలవ గట్టెక్కారు. బ్యాటరీ లైటు వేసి దిక్సూచి చూశాడు. ముల్లు ఎడమకి చూపించింది. అటే ఉత్తరం, అటే చల్లపల్లి. నీళ్ళూ ఎడమకే పారుతున్నాయి.

"ఎడమకి పదండి."

"మాస్టారూ, అది సముద్రం వైపండీ!" ఆమోసు అరిచాడు. మోకు మీద రెండోవాడు అతను. "నీళ్ళు అటే పోతున్నాయి గదా!"

"నీళ్ళని నమ్మి ఒకసారి చచ్చాం. నడు!"

నాలుగడుగులు వేశారో లేదో... మోకు చివర్నుంచి గుసగుస.

"నీళ్ళకి ఎదురు నడవమన్నారు గదండీ..."

తెరేసమ్మ గొంతు.

మాస్టారు ఆగాడు. మోకు బరువెక్కింది. వెనక్కి లాగుతోంది. ముసలమ్మ లాగే లాగుడు కాదది.

"ఇంకా నడుస్తూనే ఉన్నామండీ... ఇంకెంత దూరం?"

అయ్యో, ఎంత ఏడుపొచ్చిందో ఆయనకి! ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే... తిరిగితే ఈ పంతొమ్మిది మందీ పోతారు.

"తెరేసా... తప్పు నాదే. క్షమించు" అని గొణిగి, మోకు భుజానికేసుకుని ఎడమకే లాగాడు. లాగాడు. ఎప్పటికో బరువు వదిలింది.

చల్లపల్లిలో ఓ మేడ మీదికి అందర్నీ ఎక్కించి లెక్కపెట్టాడు. పంతొమ్మిది. ఒక్కరూ తగ్గలేదు. ఆమోసు ఆయన రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు.

శౌరమ్మ మాత్రం దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది. "నా వెనకాల వచ్చినవాళ్ళకి కూడా పటం నేర్పావా అయ్యా?"

"నీ వెనకాల ఎవరూ లేరు పిన్నీ."

"మరి ఎర్ర పెన్సిలుందా అని అడిగారే..."

మాస్టారు గబగబా సంచి విప్పాడు. వేసిన ముడి వేసినట్టే ఉంది. పటం పొడిగా ఉంది. లాకుల దగ్గర్నుంచి దిగువకి, తీరం దాటి, సముద్రానికి వేసిన నీలిరంగు లోపలి దాకా వరసగా ఎర్ర ఇంటూలు. వాటి మీద మాత్రం తడి ఆరలేదు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు.

వాటన్నిటికీ ముందు, దోవ చూపించేవాడు నడిచేచోట, ఇంకొకటి ఉంది. అది ఓ పక్కకి ఒరిగి ఉంది.